గుట్ట మొదలయ్యే చోటు

"రాయప్పా, బాగున్నావా?" అని ఎవరైనా పలకరిస్తే రాయప్ప వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ఆ మాట ఎందుకడిగారో ముందు ఆలోచించుకునేవాడు. బాగున్నానంటే ఏదో పని పురమాయిస్తారేమో, బాగాలేదంటే పదిమందికి చెప్పి నవ్వుకుంటారేమో. అటూ ఇటూ చూసి, "ఏం, ఎందుకు?" అని ఎదురడిగేవాడు. అత్తగారి ఊరు పెనుగొలను. పెళ్ళయి పిల్లలు పుట్టి, పెద్దపిల్లకి పెళ్ళయిన తరవాత కూడా ఆ ఊరు వెళ్ళేటప్పుడు దారి సరిగానే ఉందా అని ఇద్దరిని అడిగేవాడు. ఇద్దరూ ఒకటే చెబితే, వీళ్ళిద్దరూ ముందే అనుకున్నారేమోనని మూడోవాడి కోసం నిలబడేవాడు. అతని భార్య మేరమ్మకు మాత్రం అనుమానమంటే ఏమిటో తెలియదు. ఇంటికి సరిపడా ఆయనే పడుతున్నాడు గదా, నాకెందుకులే అనేది.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. రాయప్పకు ఆ భూతం తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి. ఇంకే ఆస్తీ ఆయన ఇవ్వలేదు.

తండ్రి అంతోనయ్య ఒక మోతుబరి రైతు దగ్గర పాలేరుగా ఉండేవాడు. గుట్ట కింద రాళ్ళు ఏరుకుని దున్నుకోరా, ఆ నేల చెక్క నీదే అన్నాడాయన ఒక మంచి రోజున. అంతోనయ్య ఏరాడు, దున్నాడు, జొన్న పండించాడు. తరవాత ఒకనాడు గొలుసు పట్టుకుని కొలత మనుషులు వచ్చారు. "ఇది దున్నేదెవరు?" అని అడిగారు. అంతోనయ్య ఛాతీ విరుచుకుని "నేనేనండి" అన్నాడు. నువ్వు ఎవరి పాలేరువి అని రెండో ప్రశ్న అడిగారు. దానికీ నిజమే చెప్పాడు పాపం. మళ్ళీ జొన్న కోతకొచ్చేసరికి ఆ చెక్క యజమాని పేరు మీద ఉంది. అంతోనయ్య బతికినన్నాళ్ళూ ఆ చెక్కలోనే కూలికి కలుపు తీశాడు. గొలుసు పట్టుకున్నవాడు వచ్చి ఏదైనా నీదా అంటే నాది కాదని చెప్పు, అని కొడుక్కి చెప్పి పోయాడు. రాయప్ప జపాలైనా మరిచాడు గాని ఆ మాట మరవలేదు.

తిరువూరుకూ గంపలగూడేనికీ నడుమ ఉన్న ఆ గుట్టల్ని దొంతిగుట్టలు అంటారు. అవి పెద్ద కొండలేం కావు. తూర్పు కనుమలు ఇటుగా పోతూ పోతూ, ఒళ్ళో మిగిలిన రాళ్ళు దులుపుకుని పోయినట్టు ఉంటాయి. వాయవ్యంలో పందిమెట్టతో మొదలై, జంటగుట్టలు, చిన్నదొంతి, పెద్దదొంతి వరసగా లేచి, చివరన బోడిగుట్ట దగ్గర చప్పున ఆగిపోతాయి. ఆ వరస ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే చద్ది మూట విప్పే వేళకి అయిపోతుంది. తూర్పు వాలులో పడ్డ వాన కట్టలేరు దారి పడుతుంది, పడమటి వాలులో పడ్డది చెరువుల వెంట చుట్టు తిరిగి పోతుంది. పైన నల్లరాయి, నడుమ తునికి చెట్లూ సీతాఫలం పొదలూ, కింద తంగేడు. ఇంత చిన్న గుట్టలకీ ఒక తిక్క ఉంది. అవి నిటారుగా లేచి నిలబడవు. కింద చాలా దూరం పలుగురాళ్ళు పరుచుకుంటూ, పరుచుకుంటూ, ఎక్కడో నేలలో కలిసిపోతాయి. గుట్ట ఎక్కడ అయిపోయింది, చేను ఎక్కడ మొదలైంది అంటే ఎవరూ గీత గీసి చెప్పలేరు. మేకలు కాసేవాళ్ళు మాత్రం, రాయి కాలికి తగిలితే గుట్ట, తగలకపోతే చేను అనేవాళ్ళు.

ఆ మాటే రాయప్పకు దారి చూపించింది. రాళ్ళు తీసేస్తే గుట్ట చేనవుతుంది. పెద్దదొంతి తూర్పు పాదంలో, వాళ్ళుండే పేటకి ఎగువన, అతనూ మేరమ్మా కూలి పని అయ్యాక రోజూ కాసేపు రాళ్ళు ఏరేవాళ్ళు. ఏరిన రాళ్ళు గుట్ట వైపు అంచున కుప్ప పోసేవాళ్ళు. ఆ కుప్ప ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి నడుము ఎత్తు గోడయింది. మేరమ్మ కడుపుతో ఉన్నప్పుడు కూడా ఏరింది. చంటిపిల్లని తునికి కొమ్మకి ఉయ్యాల వేసి ఏరింది. ఆమె గోళ్ళు ఎప్పుడూ సగానికి అరిగే ఉండేవి. రాళ్ళ కింద నేల ఎర్రగా మెత్తగా బయటపడింది. కంది వేశారు, వేరుశెనగ వేశారు. ఇంటిల్లిపాదీ తిన్న పప్పు ఆ చెక్కలోదే. వాళ్ళకి వేరే సెంటు భూమి లేదు. పక్కనే అతని మేనబావ శౌరయ్య కూడా అలాగే ఒక చెక్క బాగుచేసుకున్నాడు. శౌరయ్య దాన్ని నా చేను అని పదిమందిలో అనేవాడు. రాయప్ప తనదాన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "అక్కడికి పోయొస్తా" అనేవాడు మేరమ్మతో. అంతే.

డెబ్బై నాలుగులో, కంది కోతలు అయిపోయిన తరవాత, జీపులో మనుషులొచ్చి బోడిగుట్ట కింద గుడారాలు వేశారు. పెద్దదొంతి తలమీద రాళ్ళు పేర్చి సున్నం కొట్టి జెండా పాతారు. మూడు కాళ్ళ బల్ల ఒకటి అక్కడా ఇక్కడా నిలబెట్టి, దానిమీద కాగితం పరిచి, ఒక కన్ను మూసి చూసి గీతలు గీస్తున్నారు. వాళ్ళ పెద్ద సారు టోపీ పెట్టుకున్న సన్నపాటి మనిషి, హైదరాబాదు తెలుగు మాట్లాడేవాడు. దేశమంతా పటాలు కొత్తగా గీస్తున్నారట, దొంతిగుట్టల వంతు వచ్చిందట.

రాయప్ప వాళ్ళ చేతుల్లో గొలుసు చూశాడు. తండ్రి చెప్పిన గొలుసు అదే అనిపించింది. అయినా దూరంగా ఉంటే ఏం చేస్తున్నారో తెలియదు గదా. మేకలు తప్పిపోయినట్టు నటిస్తూ వాళ్ళ దగ్గరికే పోయాడు. అతనికి మేకలు లేవు.

"ఈ గుట్టల్ని ఏమంటారు?" అని అడిగాడు టోపీ సారు.

"ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళంటారండి."

"వానొస్తే ఇక్కడి నీళ్ళు ఎటు పోతాయి?"

"పల్లానికండి."

సారు నవ్వాడు. కోపం రాలేదు. కోపం రాకపోవడం చూసి రాయప్పకు అనుమానం ఇంకా బలపడింది. పని ఉన్నవాడే గదా కోపం దిగమింగుకునేది.

"సరే, ఇది చెప్పు. గుట్ట ఎక్కడ మొదలవుతుంది?"

వీళ్ళు వచ్చిన పని ఇదన్నమాట అనుకున్నాడు రాయప్ప. "ఎందుకండి?" అన్నాడు.

"పటంలో వెయ్యాలి. దున్నే నేలకి పసుపు రంగేస్తాం. గుట్టకి గీతలు గీస్తాం. ఏది ఎక్కడిదాకా అన్నది తెలియాలి గదా."

ఆ సాయంత్రం రాయప్ప అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. "పసుపు పూస్తారంట, మేరీ. దున్నే నేలకంతా పసుపు పూస్తారంట. పిల్లకి పసుపు పూసేది ఎందుకు? వేరే ఇంటికి సాగనంపడానికి గాదూ?"

"కాగితానికి పూస్తే మనకేం," అంది మేరమ్మ.

"మా అయ్య చెక్క పోయింది కాగితం మీదే."

మేరమ్మ కంచం అతని దగ్గరికి ఇంకొంచెం జరిపింది. నిజం చెప్పాలంటే, ఆ మాట ఎవరూ కాదనలేరు.

మర్నాడు శౌరయ్య ఆ గుడారాలకి నీళ్ళు మోసే పనికి కుదిరాడు. రాయప్ప తుమ్మచెట్టు చాటున కూర్చుని చూశాడు. శౌరయ్య కావడి దించి, సారు పక్కన నిలబడి, చెయ్యి చాచి పెద్దదొంతి పాదం వైపు చూపిస్తున్నాడు. సారు తల ఊపి కాగితం మీద ఏదో గీశాడు. శౌరయ్య కావడి ఎత్తుకుని వస్తుంటే రాయప్ప దారికడ్డంగా నిలబడ్డాడు.

"ఏం చూపిస్తన్నావు బావా?"

"నా చేను. ఎవరిదని అడిగితే నాదే, నేనే బాగుచేసుకున్నా అని చెప్పా. నువ్వూ చెప్పు. దాస్తే దాగేదా అది?"

మంచి సలహానే. కాని రాయప్ప చెవిలో అది వేరేగా పడింది. వీడు ముందు తనది చెప్పాడు, ఇప్పుడు నా చేతే నాది చెప్పిస్తున్నాడు, సారుకి మాటిచ్చి వచ్చాడు కాబోలు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం రాయప్ప. "నాకు చేనెక్కడుంది బావా, అది గుట్ట గదా," అన్నాడు. శౌరయ్య అతని ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా కావడి భుజం మార్చుకుని పోయాడు.

ఆ తరవాత రాయప్ప చేసిన పని ఇప్పుడు చెప్పినా నమ్మరు. కొలతవాళ్ళు పందిమెట్ట వైపు పోయిన రోజులు చూసి, పట్టపగలు, గోడలాగా పేర్చిన ఆ రాళ్ళన్నీ తీసి మళ్ళీ చెక్కలో పరిచేశాడు. కంది మోళ్ళు వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టి ఇంటికి చేర్చాడు. తంగేడు కంపలు నరికి తెచ్చి అక్కడక్కడ పాతాడు. మేరమ్మ మొదట రాలేదు. గట్టున కూర్చుని చూసింది. మనిషికి మతి పోయిందనుకుంది. అతనొక్కడే వంగి లేస్తూ, చెమటలు కక్కుతూ, మధ్యమధ్య పందిమెట్ట వైపు దొంగచూపులు చూస్తుంటే జాలేసి లేచి వచ్చింది. ప్రతి రాయీ ఆమె చేతికి తెలిసిందే. పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు దొర్లించిన బండ ఒకటి చేతికి దొరికింది. దాన్ని మళ్ళీ చేలోకి దొర్లించేటప్పుడు ఆమె ఏడ్చింది.

"వాళ్ళు పోగానే మళ్ళీ ఏరుకుందాంలే," అన్నాడు రాయప్ప.

"చేతులు నావి గదా, ఏరుకుందాం," అంది మేరమ్మ. ఆమె అంత పుల్లవిరుపుగా మాట్లాడటం అతను అంతకుముందు వినలేదు.

పేట మొత్తం ఆ తమాషా చూసింది. పట్టపగలు చేస్తే చూడరా మరి? అప్పుడు తట్టింది రాయప్పకు. చెక్కయితే గుట్టయింది గాని, ఇన్ని నోళ్ళు ఉన్నాయే! ఏ ఒక్క నోరు జారినా తన పని అయిపోయినట్టే. ఆ ఆదివారం పేట గుళ్ళో జపాలయ్యాక ఎవరినీ కదలనివ్వలేదు. ఫాదరు గారు, అంటే విచారణ గురువులు, నెలకోసారే తిరువూరు నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాలు జోజమ్మ జపం చెప్పించేది. పేటలో అందరికంటే పెద్దది, మాట మీద నిలబడే మనిషి. రాయప్ప పునీత అంతోనివారి స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, అందరూ ఆ వెలుగులో చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలన్నాడు.

"ఏమని?" అంది జోజమ్మ.

"అది గుట్ట, అక్కడ ఎవరూ దున్నలేదు అని."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకురా? మమ్మల్ని అడిగేవాడెవడు?"

"అడుగుతారత్తా. నువ్వు చూస్తా ఉండు."

"అబద్ధపు ఒట్టు అంతోనివారి ముందు ఎట్టా వేసేది?"

ఆ మాటకి గుళ్ళో గుసగుసలు బయల్దేరాయి. అప్పుడు మేరమ్మ లేచి, "రాళ్ళున్నాయి గదత్తా ఇప్పుడు. ఇప్పుడది గుట్టే," అంది. మొగుడి కోసం ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది, అదీ సగమే. అంతోనయ్య చెక్క పోయిన సంగతి జోజమ్మకి గుర్తే కాబట్టి, సరేనంది. "ఎన్నాళ్ళు ఈ మాట మీద ఉండాలి?" అని అడిగింది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే, ఈ కొలతవాళ్ళు పోయేదాకా అనేవాళ్ళు. రాయప్ప అలా అనలేదు. కొలతవాళ్ళు పోయినట్టు పోయి మళ్ళీ వస్తేనో? వేషం మార్చి వస్తేనో? "ఎవరడిగినా, ఎప్పుడడిగినా. నేనే అడిగినా సరే," అన్నాడు. అందరూ ఒకరి తరవాత ఒకరు కొవ్వొత్తి వెలుగులో చెయ్యి పెట్టి ఆ మాటే అన్నారు. చివర్న శౌరయ్య వచ్చాడు. "నా చేను సంగతి నేను దాచను. నీ మాట మాత్రం దాటను బావా," అని ఒట్టేశాడు.

టోపీ సారు ఆ వారంలోనే పెద్దదొంతి పాదానికి వచ్చాడు. చెక్కలో నడిచాడు. రాయప్ప వెనకే నడిచాడు. పాతిన తంగేడు అప్పటికే తలవాల్చింది. సారు వంగి ఒక రాయి తిప్పి చూశాడు. మట్టి అంటిన వైపు పైకి ఉంది. మరొకటి తిప్పాడు, అదీ అంతే.

"ఇక్కడెవరూ దున్నరా?"

"గుట్ట గదండి," అన్నాడు రాయప్ప.

సారు అతన్ని ఒకసారి, పక్కన కావడితో నిలబడ్డ శౌరయ్యను ఒకసారి చూశాడు. "గుట్టేనండి," అన్నాడు శౌరయ్య. సారుకి ఏమర్థమైందో ఏమో, చేను దాచుకునేవాళ్ళని ఎన్ని ఊళ్ళలో చూసి ఉంటాడో. "మీరు చెప్పిందే గీస్తాను. తరవాత కాదంటే నేను మళ్ళీ రాను," అని బల్లమీద కాగితం సర్దుకున్నాడు. రాయప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. శౌరయ్య నిజంగానే మాట దాటలేదని చూశాడు, చూసి కూడా, నా ముందు కాబట్టి అన్నాడు, వెనక ఏమన్నాడో అనుకున్నాడు.

గుడారాలు ఎత్తేశారు. మళ్ళీ ఏరుకుందామన్నది మేరమ్మ. వాళ్ళు మళ్ళీ వచ్చి చూసిపోతారేమో, ఒక వాన పోనీ అన్నాడు రాయప్ప. ఒక వాన పోయింది. ఇంకొకటి పోనీ అన్నాడు. పెద్దదొంతి మీద సున్నం రాళ్ళు ఇంకా తెల్లగా కనపడుతూనే ఉన్నాయి, ఆ జెండా పాతినవాళ్ళు ఊరికే పాతారా అనేవాడు. ఇంట్లో కందిపప్పు కొనుక్కు తినాల్సి వచ్చింది. పక్కన శౌరయ్య చేలో వేరుశెనగ ఏపుగా ఉండేది. మేరమ్మ అటు చూడకుండా తల తిప్పుకుని నడిచేది. వాళ్ళ చెక్కలో, పాతిన తంగేడు ఎండిపోయినా, పాతనిది దానంతటది మొలిచింది. గుట్ట మెల్లగా కిందికి దిగి తన చోటు తాను తీసుకుంది.

ఈలోగా రాయప్ప ఊరుకున్నాడా అంటే లేదు. ఒట్టు వేసినవాళ్ళు దానిమీద ఉన్నారా లేదా అని పరీక్షలు పెట్టాడు. పెనుగొలను నుంచి బావమరిది ఏసోబును పిలిపించి, ఎవరిదో ప్యాంటు తొడిగి, జేబులో పెన్ను పెట్టి పేటలోకి పంపాడు. "అమ్మా, ఆ గుట్ట కింద దున్నేదెవరు?" అని ఏసోబు జోజమ్మను అడిగాడు. ఆమెకి చూపు ఆనదు. "అది గుట్ట నాయనా, అక్కడ ఎవరూ దున్నలా," అంది. తరవాత వచ్చింది ఏసోబని తెలిసి, రాయప్ప ఇంటి ముందుకొచ్చి నాలుగు తిట్టింది. ఇంకోసారి తనే పోయి కూర్చుని, "అత్తా, ఇప్పుడంతా సద్దుమణిగింది, అది నా చేనని చెప్పినా ఫరవాలేదులే," అని తీయగా అన్నాడు. జోజమ్మ అతని వంక చూసి నవ్వింది. "అది గుట్ట. పోయి పని చూసుకో," అంది. పేటలో మరో నలుగురి దగ్గర కూడా ఇదే ఎర వేశాడు. ఒక్కరూ మింగలేదు. పైగా అది పేటకొక ఆటయిపోయింది. రాయప్ప కనపడితే చాలు, అడక్కముందే "అది గుట్ట" అనేవాళ్ళు ఆడవాళ్ళు బావి దగ్గర.

డెబ్బై ఆరులో, ఎమర్జెన్సీ రోజులు, బంజరు దున్నుకుంటున్న భూమిలేని వాళ్ళకి పట్టాలిస్తారని మాట పుట్టింది. రాయప్ప నమ్మలేదు. ఇచ్చేదుంటే అంత బహిరంగంగా చెబుతారా, ఎవరెవరు దున్నుతున్నారో బయటపడాలని వల వేస్తున్నారు అన్నాడు. వాన వెలిసిన ఒక ఉదయం రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గారు, కరణం గారు నడిచొచ్చారు. పేట వాళ్ళందరినీ గుట్ట కిందికి పిలిపించారు. రాయప్ప తునికి చెట్టు వెనక నిలబడి చూశాడు. ఇన్‌స్పెక్టరు గారు శౌరయ్య చేలో దిగి, "ఇది దున్నేదెవరు?" అని అడిగారు. "నేనేనండి," అన్నాడు శౌరయ్య. రాయప్ప కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి శౌరయ్య వేలిముద్ర వేస్తున్నాడు. హద్దులు చెబుతున్నారు. అతని పేరు, అతని తండ్రి పేరు రాస్తున్నారు. చేను అతని పేరునే రాస్తున్నారు. అంతోనయ్య నాటిలా ఏ యజమాని పేరూ మధ్యలోకి రాలేదు.

రాయప్ప చెట్టు వెనక నుంచి బయటకొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట నోట్లోంచి వచ్చింది. "అయ్యగారండీ, ఆ పక్కది నాదేనండి. నేనే బాగుచేశానండి."

ఇన్‌స్పెక్టరు గారు అటు చూశారు. రాళ్ళూ తంగేడూ మోకాలెత్తు గడ్డీ. "ఏదయ్యా?"

"అదేనండి. రాళ్ళు ఏరి దున్నానండి."

మేరమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది. "ఈ చేతులతో ఏరానండి, అయ్యగారూ."

"ఏరిన రాళ్ళు మళ్ళీ చేలోకి ఎలా వచ్చాయమ్మా?"

మేరమ్మ మొగుడి వంక చూసింది. అతను నేల చూశాడు. ఆమె చేతులు అలాగే చాపి కాసేపు ఉంచి, మెల్లగా కొంగులో పెట్టుకుంది.

కరణం గారు టోపీ సారు గీసిన కొత్త పటం తీసి చూపించారు. అక్కడిదాకా గుట్ట గీతలే ఉన్నాయి. శౌరయ్య చేను దగ్గరే పసుపు మొదలైంది. పటంలో ఏమున్నా, పేట వాళ్ళు చూసినట్టు చెబితే రాసుకుంటానన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఆయన చెడ్డమనిషి కాదు. "అమ్మా, మీరు పెద్దవారు. ఇతనిక్కడ దున్నాడా?" అని జోజమ్మను అడిగారు.

జోజమ్మ రాయప్ప వైపు తిరిగింది. "చెప్పత్తా," అన్నాడు రాయప్ప. "నిజం చెప్పు. నువ్వు చూశావు గదా. నేనే చెప్పమంటన్నా." జోజమ్మకి చూపు ఆనదు గాని ఆ మాట తెలుసు. ఇన్నాళ్ళూ అతను తీయగా అడిగినప్పుడల్లా విన్న మాటే. ఈసారి ప్యాంటు తొడిగినవాళ్ళని ఇద్దరిని పట్టుకొచ్చాడు కాబోలు అనుకుని ఉంటుంది. పెదవుల మీద చిన్న నవ్వు కూడా కదిలింది.

"అది గుట్టండి. అక్కడ ఎవరూ దున్నలా."

"అత్తా, ఒట్టు సంగతి వదిలెయ్యి—"

"ఏం ఒట్టు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అందరూ రాయప్ప వైపు చూశారు. ఆయన ముఖం మారింది. "సాక్షుల్ని నా ముందే బెదిరిస్తున్నావా?" అన్నారు. పక్కవాళ్ళను అడిగారు. గుట్టండి అన్నారు. ఆ పక్కవాళ్ళను అడిగారు. గుట్టండి. పిల్లల తల్లులూ ముసలివాళ్ళూ, ఒక్కొక్కరూ రాయప్ప ముఖం చూసి, అతనికి మేలు చేస్తున్నట్టు, అదే మాట అన్నారు. చివరికి శౌరయ్య వంతు వచ్చింది. శౌరయ్యకు సంగతి అర్థమైంది, అది అతని ముఖంలోనే కనపడింది. అంతోనివారి ముందు పెట్టిన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. "గుట్టేనండి," అన్నాడు తలవంచి.

వాళ్ళు వెళ్ళిపోయారు. రాయప్ప చెయ్యెత్తి శౌరయ్య మీదికి పోయాడు. "నా చెక్క కలుపుకుందామని గదరా," అని అరిచాడు.

శౌరయ్య వెనక్కి తగ్గలేదు. "ఆ ఒట్టు విప్పాలంటే గుళ్ళోనే విప్పాలి బావా. నువ్వు రెండేళ్ళూ మమ్మల్ని పరీక్షలు పెట్టావు గాని ఒక్కసారన్నా విప్పావా? ఏది నిజంగా అంటన్నావో, ఏది ఎర వేస్తన్నావో మాకెట్టా తెలిసేది? నువ్వే అడిగినా చెప్పొద్దన్నావు." అతని కళ్ళలో నీళ్ళున్నాయి. రాయప్ప ఎత్తిన చెయ్యి దించాడు. ఇంతకాలం అందరి మీదా పడ్డ అనుమానం ఆ చేతితోపాటే జారిపోయింది. అది ఉన్నన్నాళ్ళూ మనిషి నిలబడే ఉన్నాడు, పోయాక కూలబడ్డాడు.

పొద్దు వాలేవేళ జోజమ్మ కర్ర పొడుచుకుంటూ వాళ్ళింటికి వచ్చింది. ఎవరూ ఆమెకి ఇంకా సంగతి చెప్పలేదు. గుమ్మంలో చతికిలబడి, ఆయాసం తీర్చుకుని, ఉత్సాహంగా అంది.

"చూశావురా రాయప్పా? అంత పెద్ద ఆఫీసరు వేషం కట్టించి తెచ్చినా ఒక్కళ్ళం మాట తప్పలా. ఇప్పటికైనా నమ్మావా మమ్మల్ని?"

లోపల మేరమ్మ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. రాయప్ప ఆమెను ఊరుకోమని చేత్తో సైగ చేసి, ముసలామె పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"నమ్మానత్తా," అన్నాడు.